తాళం ఉంటేనే నీళ్లలోకి

మే నెల. కంచరపాలెంలో మా చెల్లెలి ఇంటి డాబా మీద కూర్చుని రాస్తున్నాను. వైజాగ్ ఎండ విజయవాడ ఎండంత కాదంటారు గానీ ఈ ఉక్క సంగతి ఎవరూ చెప్పరు, స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్లీ జిడ్డు.

న్యూయార్క్‌లో ఏం చేస్తావని ఇక్కడ ఎవరైనా అడిగితే "పార్కుల డిపార్ట్‌మెంట్" అంటాను. అబద్ధం కాదు. చలికాలం గోడౌన్లో పెట్టెలు మోస్తాను, ఎండాకాలం బ్రాంక్స్‌లో సిటీవాళ్ల స్విమ్మింగ్ పూల్ గేటు దగ్గర నిలబడి తాళాలు చూస్తాను. అవును, తాళాలే. అక్కడ పూల్ ఉచితం, కానీ లాకర్‌కి ఎవరి తాళం వాళ్లే తెచ్చుకోవాలి, లేకపోతే లోపలికి పంపకూడదు. పైన చొక్కా వేసుకుంటే తెల్లదే ఉండాలి. పొద్దున్న 11 నుంచి 3 దాకా, మళ్లీ 4 నుంచి 7 దాకా, మధ్యలో గంటసేపు అందర్నీ బయటికి పంపి కడుగుతాం. జూన్ ఆఖర్లో తెరిస్తే సెప్టెంబర్ మొదట్లో మూసేస్తారు, నా ఉద్యోగమూ అంతే. అక్క పెట్టిన కాగితాల మీద పన్నెండేళ్లకి గ్రీన్‌కార్డు వచ్చి, నలభై అయిదేళ్లప్పుడు అక్కడికి వెళ్లినవాడిని, అంతకుముందు ఇక్కడ పోర్టులో కాంట్రాక్టర్ దగ్గర టాలీ రాసేవాణ్ణి. లెక్కపెట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు.

మొదటి వారంలోనే ఒకావిడ ముగ్గురు పిల్లల్ని వేసుకుని వచ్చింది, తాళం మర్చిపోయింది. పిల్లలు నా వెనక నీలం నీళ్లకేసి చూస్తున్నారు. వెనక్కి పంపాను. రూల్ అంతే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

నాతో పనిచేసే ప్యూర్టోరికో పెద్దావిడ మర్నాడు నవ్వుతూ చెప్పింది: మా చిన్నప్పుడు మేం పూల్ దగ్గరికి వెళ్లేవాళ్లం కాదు, పూలే మా వీధికి వచ్చేది, అని. నాకు అర్థం కాలేదు. లారీ మీద పూల్! 1960ల చివర, న్యూయార్క్‌కి జాన్ లిండ్సే మేయర్‌గా ఉన్న రోజుల్లో, పెద్ద లారీ వెనక తొట్టి బిగించి పేటల్లోకి పంపేవాళ్లట, పేరు స్విమ్మొబైల్. వీధి మూసేసి, నీళ్లు నింపి, నిచ్చెన వేస్తే పిల్లలు వరస కట్టేవాళ్లు. లారీ ఎంత వెడల్పో పూల్ అంతే వెడల్పు, ఈత కొట్టడానికేం ఉండదు, నిలబడి ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చిమ్ముకోవడమే.

ఆ ఏర్పాట్లన్నీ ఊరికే రాలేదని తర్వాత చదివాను. 1966 జులైలో షికాగో పశ్చిమాన పిల్లలు వేడికి తట్టుకోలేక ఫైర్ హైడ్రంట్, అంటే మంటలార్పడానికి వీధిలో పెట్టే పెద్ద కుళాయి, విప్పుకుంటే పోలీసులు మూసేశారు, దాంతో గొడవలు మొదలై చివరికి నేషనల్ గార్డ్ అనే సైనిక దళం దిగాల్సి వచ్చింది. అప్పుడు ఆ ఊరి మేయర్ డేలీ హైడ్రంట్లకి స్ప్రింక్లర్లు పెట్టించి, పేటలకి మోసుకెళ్లే పూల్స్ పంపించాడు. ముందే పంపి ఉంటే ఏం పోయేది?

హైడ్రంట్ మాట వస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. న్యూయార్క్‌లో దాన్ని పూర్తిగా తిప్పేస్తే నిమిషానికి 1,000 గ్యాలన్లు, అంటే 3,800 లీటర్ల దాకా, రోడ్డు పాలు. ఫైర్ స్టేషన్‌లో అడిగితే ఉచితంగా బిగించే జల్లు మూత పెడితే పాతిక గ్యాలన్లతో సరిపోతుంది. మొదటిసారి మూత లేనిది చూసినప్పుడు బిందె కోసం చుట్టూ వెతికాను, నిజంగా.

ఇంకో వింత, నీళ్ల మీద తేలే పూల్. లూసియానాలో సరుకులు మోసిన పాత బార్జిని కొని, మధ్యలో 25 మీటర్ల పూల్ కట్టి, 2007లో బ్రూక్లిన్‌లో, 2008లో మా బ్రాంక్స్‌లో బారెటో పాయింట్ దగ్గర ఒడ్డుకి తాళ్లతో కట్టి ఉంచారు. ఓ సెలవు రోజు ఆ బార్జి చూసేసరికి మన హార్బర్ గుర్తొచ్చింది. దిగలేదు. ఈత రాదు కదా. వైజాగ్‌లో సముద్రం పక్కన పుట్టి ఈత రాదంటే ఆ ప్యూర్టోరికో ఆవిడ నమ్మలేదు. ఆర్కే బీచ్‌లో చీలమండ దాటితే మా అమ్మ వీపు చిట్లగొట్టేదనీ, ఆ అల కాళ్ల కింద ఇసుకతో సహా లోపలికి లాగేస్తుందనీ ఆవిడకి ఎలా చెప్పను?

ఇదంతా మొన్న రాత్రి చెల్లెలి భర్తకి చెప్పి, మన పేటలకి అలాంటి లారీ ఒకటి తిప్పితే ఎలా ఉంటుంది అన్నాను. ఎనిమిది మీటర్ల పొడవు, రెండు వెడల్పు, పిల్లల నడుం లోతు, అంటే ముప్పావు మీటరు. పన్నెండు ఘనమీటర్లు, పన్నెండు టన్నుల నీళ్లు, పన్నెండు వేల లీటర్లు. లారీ మోస్తుంది. పెద్ద ట్యాంకరు ఒకటి, ఇంకో చిన్న ముక్క. క్లోరిన్ వేసి, రెండు రోజులు వాడి, తర్వాత డివైడర్ మొక్కలకి పెట్టేయొచ్చు.

"ఏటి బావా, కుళాయి పొద్దున్న గంట కూడా రాట్లేదు. ఆ ట్యాంకరు వీధిలోకొస్తే పిల్లల కంటే ముందు బిందెలే దిగుతాయి" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. సముద్రం మీద బార్జి కడదామంటే నవ్వాడు.

మా మేనల్లుడు మాత్రం లారీ దగ్గరే ఆగిపోయాడు. "మావయ్యా, నిచ్చెన ఎన్ని మెట్లు? చెప్పులు ఎక్కడ పెట్టుకుంటారు?"

నేను తెచ్చిన సామాన్లలో నా నంబర్ తాళం కూడా ఉంది. పిల్లలు బిందెలు ముంచేస్తున్నారని చెల్లి దాన్ని డాబా మీద డ్రమ్ముకి వేసింది. ఈ మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే కేకలు. లేచి చూస్తే తాళం తీసి ఉంది, మేనల్లుడూ వాడి జట్టు నలుగురూ చెంబుతో ఒకళ్ల నెత్తిన ఒకళ్లు పోసుకుంటున్నారు, రేపటి నీళ్లు సగం డాబా మీదే.

చెల్లి చీపురు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "అన్నియ్యా, ఆ నంబరు వీడికెలా తెలిసింది?"

నాకేం తెలుసు అన్నాను.