ఇంటి కట్టెలకు చైన్ సా: చవకదీ కంపెనీదీ పక్కపక్కన నడిపి చూశాక

నేను చెట్లు కోసే పనివాణ్ణి కాను. ఉద్దానంలో మాకు కాస్త జీడి, కొబ్బరి తోట, పెరట్లో పనసలు, గట్టు మీద పాత చింత, అంతే. ఇంట్లో గ్యాస్ ఉన్నా నీళ్ళు కాగేదీ, పశువులకు ఉలవలు ఉడికేదీ, పండక్కి పెద్ద వంటలయ్యేదీ కట్టెల పొయ్యి మీదే. మట్టలు, డొక్కలు, చిప్పలతో మామూలు రోజులు గడిచిపోతాయి గానీ వానాకాలానికి గట్టి కట్టె నిల్వ ఉండాలి. ఇదివరకు గొడ్డలి పట్టే కూలీలు దొరికేవాళ్ళు, ఇప్పుడు అడిగితే నవ్వుతున్నారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు తోటలు కూలి దారులన్నీ మూసుకుపోయాయి, గొడ్డళ్ళతో తెమిలే పని కాదని అప్పుడే మా వైపు చైన్ సాలు బాగా దిగాయి. ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా కనిపిస్తాయి, ఎక్కువగా ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వేలకు దొరికే 58 సీసీ రకం. మా బావ దగ్గరా అదే ఉంది. నేనూ ఒకటి కొంటానంటే బావ "ఆ కంపెనీదాని డబ్బుతో ఇలాంటివి అయిదు వస్తాయి, నీకెందుకు?" అన్నాడు. మాకు చెట్లు కోసే మేస్త్రీ మాత్రం "అది బొమ్మ బాబూ, కొంటే కంపెనీదే కొను" అన్నాడు. ఇద్దరూ నోటితో తేల్చే మనుషులు కాదు కాబట్టి, పడిపోయి ఎండిన చెట్లు ఎలాగూ ఉన్నాయి, రెండు మిషన్లూ తెచ్చి నడుపుదామన్నాను. (నిలబడి ఉన్న చెట్టయితే వేరే సంగతి. మన గట్టు మీదదైనా 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, కొట్టే ముందు అనుమతి కావాలో వద్దో కనుక్కోండి.)

మేస్త్రీది స్టిల్ కంపెనీ ఎంఎస్ 382. 72 సీసీ, బార్ (చైన్ తిరిగే పొడుగాటి పట్టీ), చైన్ లేకుండానే 6 కిలోల పైన బరువు. బావది పేరుకు 58 సీసీ, 22 అంగుళాల బార్. ఈ చవక రకంలో ఒక తిరకాసుంది, పెట్టె మీద రాసే సీసీ అంకె చాలాసార్లు లోపలి సిలిండర్ కంటే పెద్దది. ఇంజన్‌కు మించిన బార్ తగిలించి అమ్మడమూ మామూలే, పొడుగు చూసి మనం పడిపోతాం కదా.

ముందు జీడి కొమ్మలు, తర్వాత పనస. నిజం చెప్పాలంటే అక్కడ పెద్ద తేడా ఏమీ తెలియలేదు. జానెడు, జానెడున్నర లావు కట్టెను బావ మిషన్ కూడా హాయిగా కోసి పడేసింది, బావ మొహం వెలిగిపోయింది. కొబ్బరి మాను దగ్గర రెండూ విసిగించాయి. దాని పైభాగం ఇనుములా గట్టి, లోపల పీచు, చైన్ పదును చూస్తుండగానే పోతుంది, పైగా పొయ్యిలో అంత గొప్పగా కాలదు కూడా. దానికోసం చైన్ పాడుచేసుకోవడం దండగ.

అసలు పరీక్ష చింత మొద్దు దగ్గర. మాంసం కొట్టువాళ్ళు మొద్దుకు చింతనే ఎందుకు వెతుకుతారో కోసినవాడికి అర్థమవుతుంది. మేస్త్రీ మిషన్ దాని మీద పెడితే శబ్దం కొంచెం బరువెక్కింది తప్ప వేగం తగ్గలేదు. బావది సగం దాకా దిగి మూలగడం మొదలుపెట్టింది, కాస్త నొక్కితే ఇంజన్ అరుస్తోంది గానీ చైన్ ఆగిపోతోంది, అంటే క్లచ్ జారుతోందన్నమాట. ట్యాంకు అయ్యాక మళ్ళీ పెట్రోలు పోసి తాడు లాగితే వేడి మీద స్టార్ట్ కాలేదు. చల్లారేదాకా టీ తాగాం. మేస్త్రీ ఏమీ అనలేదు, నవ్వాడంతే.

అక్కడితో తేలిపోయిందనుకుంటే, మేస్త్రీయే ఒక పని చేశాడు. బావ మిషన్ చైన్ తీసి చూసి, దానితో వచ్చిన నాసిరకం చైన్ పక్కన పెట్టి, తన సంచిలోంచి అదే కొలతకు సరిపోయే మంచి చైన్ తీసి వేశాడు. అదే ఇంజన్, అదే చింత. పిండిలా రాలుతున్న పొట్టు కాస్తా పేళ్ళు పేళ్ళుగా రావడం మొదలైంది! 382తో సమానం కాలేదు, కానీ ఇంజన్ మార్చినంత తేడా అనిపించింది. నా లెక్కలో ఆ రోజు తెలిసిన అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. మిషన్ ఏదైనా చైన్ మంచిది కొనాలి, ఆకురాయి పట్టడం మనకే రావాలి. బావదానికి ఉన్న 0.325 అంగుళాల పిచ్ (లింకుల మధ్య దూరం లెక్క) చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, పన్ను అంచుకు 30 డిగ్రీల వాలు, ఒక్కో పన్నుకు ఒకే వైపు, ఒకే లెక్కన తోపులు. పన్ను ముందుండే బొడిపె కూడా అప్పుడప్పుడు బల్లపరుపు ఆకురాయితో తగ్గించాలి, పన్ను కంటే 0.65 మిల్లీమీటర్లు కిందుంటే చాలు. మరీ తగ్గిస్తే చైన్ ఎక్కువ కొరికి మిషన్ ఎగిరిపడుతుంది. పొట్టు పిండిలా వస్తోందంటే చైన్ మొద్దుబారినట్టే, అప్పుడు బలం పెట్టి నొక్కడం కాదు, ఆపి పదును పెట్టుకోవాలి.

మరి కంపెనీదానికి అంత డబ్బు దేనికి? ఈ ప్రశ్న మీద నేను చాలా బుర్ర పాడుచేసుకున్నాను. సీసీ చూస్తే జవాబు దొరకదు. ఒకే కంపెనీవి రెండు తీసుకోండి: స్టిల్ ఎంఎస్ 250 తోటలూ ఇళ్ళకు చేసింది, 45 సీసీ, 2.3 కిలోవాట్లు, 4.6 కిలోలు. ఎంఎస్ 261 రోజంతా కోసేవాళ్ళకు చేసింది, 50 సీసీ, 3 కిలోవాట్లు, 4.9 కిలోలు. బరువు దాదాపు అంతే, బలం మాత్రం దగ్గర దగ్గర మూడో వంతు ఎక్కువ. పైగా ఇలాంటి పనివాళ్ళ మిషన్లలో క్రాంక్ చుట్టూ ఉండే డబ్బా మెగ్నీషియంది, ఇంటి రకాల్లో చాలావాటికి ఆ చోట ప్లాస్టిక్ ఎక్కువ. ఏళ్ళ తరబడి రోజూ వేడెక్కి చల్లారినా తట్టుకునేలా కట్టినవి ఆ పనివాళ్ళ మిషన్లు. మేస్త్రీకి అది కూడు పెట్టే మిషన్, ఒక్క పూట ఆగితే కూలి పోతుంది. మనకు ఏడాదికి నాలుగు ట్యాంకులు కాలితే గొప్ప.

శరీరానికి తెలిసే తేడా మాత్రం కిలోవాట్లలో ఉండదు. బావ మిషన్ కాసేపు పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి, రాత్రి అన్నం కలుపుకుంటుంటే కూడా చెయ్యి జివ్వుమంటూనే ఉంది. మేస్త్రీది బరువెక్కువైనా అదురు చేతిదాకా రాదు, పిడికీ ఇంజన్‌కీ మధ్య అదురు ఆపే ఏర్పాటు బాగుంది. ఇంకొకటి చైన్ బ్రేకు. బార్ మూతి పైభాగం కట్టెకు తగిలితే మిషన్ ఒక్కసారిగా మొహం మీదికి లేస్తుంది, అప్పుడు ప్రాణం కాపాడేది ఆ బ్రేకే. బావదాంట్లో బ్రేకు వేశాక కూడా చైన్ కాస్త తిరిగి ఆగింది. నన్ను నిజంగా భయపెట్టింది అదొక్కటే. కొనే చోట స్టార్ట్ చేయించి, బ్రేకు వేసి చూపించమనండి, చూపించకపోతే లేచి వచ్చేయండి.

అలాగని చవకదానికి మార్కులే లేవనను. విడిభాగాల విషయంలో అదే గెలిచింది. ఎన్ని పేర్లతో అమ్మినా ఆ 58 సీసీ మిషన్లు చాలావరకు ఒకే అచ్చు, కార్బొరేటర్ పోతే కొన్ని వందల్లో కొత్తది వస్తుంది, మందులు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్ ఎవరైనా బిగించేస్తాడు. కంపెనీదానికి చిన్న భాగం కావాలన్నా డీలర్ దాకా పోవాలి, ఆ డీలర్ శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉంటే ఒక రోజు పని పోయినట్టే. అందుకే ఏ కంపెనీ అని అడిగే ముందు మీకు దగ్గర్లో ఎవరి సర్వీసు ఉందో చూసుకోండి. రంగులు, అక్షరాలు అచ్చం పెద్ద కంపెనీవాటిలా వేసి సగం ధరకు అమ్మేవీ తిరుగుతున్నాయి, అవి చవక మిషన్లకు వేసిన వేషాలు, చవక మిషన్ ధర కూడా చెయ్యవు.

చివరికి నేను కొన్నది రెండూ కాదు. 45 సీసీ తరగతిలో కంపెనీది, 16 అంగుళాల బార్‌తో, డీలర్ దగ్గరే నడిపి చూసి తీసుకున్నాను. బావ మిషన్‌కు నాలుగింతలు పడింది, ఇంటికి తెచ్చాక అమ్మ ధర అడిగితే ఆయిల్ ఖర్చు మాత్రం చెప్పాను. జీడి, పనస, వేప, సరుగుడు అన్నీ దీనికి లోకువే. చింత బోదె లాంటివి ఉంటే మేస్త్రీని పిలుస్తాను, ఆయన 382 గంటలో తేల్చేదానికి నేను నడుం పట్టేసుకోవడం ఎందుకు! అసలు ఏడాదికి ఒకటి రెండు రోజులే పని ఉన్నవాళ్ళు ఏదీ కొనక్కర్లేదు, మేస్త్రీ కూలి ఇచ్చేయడమే నయం. ఈ సలహా బావకు నచ్చలేదు. ఆయన మాత్రం తన చవకదానికే మంచి చైన్, 18 అంగుళాల బార్ మార్పించుకున్నాడు, ఇప్పుడది మూలగడం బాగా తగ్గింది.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో మామూలుగా వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది, అది తేమ పీలుస్తుంది, నెలల తరబడి ట్యాంకులో ఉంచితే కార్బొరేటర్ లోపలి పల్చటి పొరలు, రబ్బరు పైపులు గట్టిపడతాయి. ఆ వారం వాడేంత మాత్రమే కలుపుకుంటాను: మా మిషన్‌కు కంపెనీ ఆయిల్ అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, బయటి టూటీ ఆయిల్ అయితే 40. చైన్ ఆయిల్ ట్యాంకు వేరే, అందులో ట్రాక్టర్ నుంచి తీసిన వాడేసిన ఆయిల్ పోసేవాళ్ళు చాలామంది, దాంట్లోని ఇనుప పొడి పంపునూ బార్‌నూ అరగదీస్తుంది. పని అయ్యాక మిగిలిన పెట్రోలు తీసేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడిపి, ఫిల్టర్ దులిపి, బార్ గాడిలో ఇరుక్కున్న పొట్టు గీకేసి గోడకు తగిలిస్తాను.