క్లార్క్‌స్టన్‌లో బడి వదిలాక

డెకేటర్ పటేల్ ప్లాజాకి వెళ్లి దోసె తిని, కరివేపాకు కొనుక్కుని వచ్చే అట్లాంటా తెలుగువాళ్లకి లెక్కలేదు. అక్కడినుంచి కారులో పది నిమిషాల దూరంలో ఉన్న క్లార్క్‌స్టన్ గురించి అడిగితే మాత్రం, "అటువైపు మేమెప్పుడూ వెళ్లలేదండీ" అన్నవాళ్లే ఎక్కువ. అక్కడ శరణార్థుల పిల్లలకు సాయంత్రం నేర్పే నీడల బొమ్మలాట క్లాసు చూడాలని బయల్దేరాను. అట్లాంటా శివారు ఆల్ఫరెట్టా నుంచి ఊబర్ చూస్తే ఒకవైపుకే 50 డాలర్లు దాటింది. అంత పెట్టడానికి మనసొప్పలేదు. నార్త్ స్ప్రింగ్స్ దాకా కారులో దింపించుకుని, అట్లాంటా నగర రవాణా సంస్థ మార్టా రైలెక్కాను. రెడ్ లైన్‌లో ఫైవ్ పాయింట్స్, అక్కడ బ్లూ లైన్‌కి మారి కెన్సింగ్టన్, ఆపైన బస్సు. టికెట్ రెండున్నర డాలర్లే. బ్రీజ్ కార్డు గీకితే రైలు దిగి బస్సెక్కినా మళ్లీ కట్టక్కర్లేదు. డబ్బు మిగిలింది గానీ సగం రోజు పోయింది. కెన్సింగ్టన్ స్టేషన్ బయట బస్సు కోసం చూసి చూసి కళ్లు కాయలు కాచాయి.

నవంబరు మొదట్లో అమెరికావాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు కదా, అక్కడినుంచి సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది. ఆ బస్టాపులో నిలబడ్డప్పుడే అనిపించింది, పన్నెండేళ్ల పిల్ల ఈ చీకట్లో, ఈ బస్సును నమ్ముకుని బొమ్మల క్లాసుకి ఎలా వస్తుందని. నా పక్కన ఒకాయన ప్లాస్టిక్ సంచీలో రబ్బరు బూట్లు పెట్టుకుని నించున్నాడు. కోళ్ల ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వస్తున్నాడట. ఈ ఊళ్లో చాలా ఇళ్లలో అమ్మానాన్నలది ఆ పనే. తెల్లవారకముందే వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది, గంటకు పైగా ప్రయాణం, తిరిగొచ్చేసరికి చీకటి. బడి మధ్యాహ్నమే వదిలేస్తారు. ఆ మధ్య మూడు నాలుగు గంటలు పిల్లలకి దిక్కెవరన్న ప్రశ్నకు జవాబుగానే ఇక్కడ సాయంత్రం క్లాసులు పుట్టాయి.

ఊరి సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1970లలో ఇక్కడ అపార్టుమెంట్లు విరివిగా కట్టారు. తర్వాత మధ్యతరగతి తెల్లవాళ్లు ఇంకా దూరపు శివార్లకు తరలిపోయారు. ఇళ్లు ఖాళీ, అద్దె తక్కువ, దగ్గర్లో రైలు. 1980 శరణార్థి చట్టం వచ్చాక పునరావాస సంస్థలకు ఇంతకంటే అనువైన చోటు దొరకలేదు. వియత్నాంవాళ్లు, బోస్నియావాళ్లు, సోమాలీలు, 2008 నుంచి నేపాల్ శిబిరాల్లోని భూటాన్‌వాళ్లు, బర్మా నుంచి కరెన్, చిన్ తెగలవాళ్లు, ఆ తర్వాత కాంగో, సిరియా, అఫ్గానిస్తాన్. 2020 జనాభా లెక్కల్లో ఊరు మొత్తం 15 వేల లోపే. ఊరి నడుమ గూడ్సు రైలు పట్టాలు.

ఆ పట్టాల వల్లే నేను చూడబోయిన క్లాసు అపార్టుమెంట్ల లోపలే, ఒక కమ్యూనిటీ హాల్లో పెట్టారు. ఆ సముదాయం పిల్లలు పట్టాలు దాటకుండా నడిచి వస్తారు. అవతలివాళ్లకు వ్యాను.

పిల్లలు రాగానే ముందు తిండి. ప్రభుత్వ చిరుతిండి పథకం కింద డబ్బు తిరిగి రావాలంటే పాలు, పండు, కూరగాయ, ధాన్యం, మాంసం లేదా దానికి బదులు పప్పూ గుడ్డూ లాంటిది, ఈ ఐదింట్లో కనీసం రెండు ఉండాలి. ఆరేళ్లు దాటిన పిల్లలకు పాలైతే ఒక కప్పు, పండైతే ముప్పావు కప్పు. పైగా అక్కడే కూర్చుని తినాలి. చిక్కు రంజాన్‌లో వస్తుంది. పెద్ద పిల్లలు ఉపవాసముంటారు, పొట్లం ఇంటికి పట్టుకెళ్తే ప్రభుత్వం లెక్కలోకి రాదు. అందుకని ఆ నెల వాళ్లకు విరాళాల డబ్బుతో వేరే డబ్బాలు కడతారట. జెల్లీ, మార్ష్‌మాలో అసలు తేరు. వాటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, అది హలాలో కాదో చెప్పలేం. వేరుశనగ కూడా తేరు, అలెర్జీ ఉన్న పిల్లలుంటారు.

చేర్చుకునే ఫారం ఒకటే పేజీ. పేరు, వయసు, ఇంట్లో మాట్లాడే భాష, అలెర్జీలు, సాయంత్రం తీసుకెళ్లేదెవరు, ఫోన్ నంబరు. ఏ కాగితాల మీద దేశంలోకి వచ్చారన్న ప్రశ్నే లేదు. కాగితాలు లేవన్న కారణంతో పిల్లల్ని ప్రభుత్వ బడి నుంచి ఆపకూడదని 1982లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బడి బయటి క్లాసు కూడా అదే పద్ధతి పాటించడం మంచిది, అడిగిన మరుక్షణం సగం కుటుంబాలు రావడం మానేస్తాయి. ఆ ఫారం నేపాలీ, స్వాహిలీ, దారీ, బర్మీస్, అరబిక్ భాషల్లో ఉంది. తల్లిదండ్రులతో మాట్లాడాల్సి వస్తే ఫోన్లో దుబాసీని పిలుస్తారు. పిల్లవాడి గురించిన మాటను పిల్లవాడి చేతే తర్జుమా చేయించరు.

ముప్పావుగంట హోంవర్కు. దాని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, అన్ని చోట్లా ఉండేదే. ఆ తర్వాత మొదలైంది నేను వెతుక్కుంటూ వచ్చిన క్లాసు, నీడల బొమ్మలాట. ఇంటి దగ్గర నేను చేసే పనీ అదే కనుక ఇక్కడ కాస్త ఆగుతాను.

తెర తెల్ల కాటన్ దుప్పటి, ఐదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, పీవీసీ పైపుల చట్రానికి క్లిప్పులతో బిగించారు. కింద బల్ల, బల్లకి నల్లగుడ్డ, వెనక పిల్లలు కనపడకుండా. తెర వదులైతే నీడ వంకర్లు పోతుంది, క్లిప్పులు జానెడు దూరానికొకటి ఉండాలి. దీపం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. చిన్న చిన్న ఎల్‌ఈడీలు గుత్తిగా ఉన్న టార్చి పెడితే ఒక్కో బొమ్మకు నాలుగైదు నీడలు పడతాయి. పాలగాజు బల్బు పెడితే అంచులు మసకబారతాయి. ఒకే చుక్క నుంచి వెలుగు రావాలి. ఒకే ఎల్‌ఈడీ ఉన్న టార్చిని, ముందరి కటకం తీసేసి, తెరకు నాలుగడుగుల వెనక, పిల్లల తలకన్నా ఎత్తులో కట్టారు.

బొమ్మలకు అట్ట కొనలేదు. పొద్దున తినే సీరియల్ డబ్బాలే. మందం సరిపోతుంది, ఎనిమిదేళ్ల పిల్ల కత్తెరకు తెగుతుంది. బొమ్మ పది, పన్నెండు అంగుళాలుండాలి. చిన్నదైతే కాళ్లూ చెవులూ కత్తిరించలేక పిల్లలు విసుక్కుంటారు. మొదటి బొమ్మకు ఒకటి రెండు కీళ్లు చాలు, ఒక దవడ, ఒక చెయ్యి. ఇత్తడి పిన్ను దూర్చే చిల్లు పిన్నుకన్నా కాస్త పెద్దది కావాలి, పిన్ను రెక్కల్ని గట్టిగా అదిమితే చెయ్యి బిగుసుకుపోతుంది. పుల్లలు కబాబులకు వాడే వెదురువి, మొనలు ముందే కత్తిరించేస్తారు. పుల్లను అట్టకు పడుకోబెట్టి అతికిస్తే దాని నీడా పడుతుంది. అట్ట నుంచి వెనక్కి పొడుచుకొచ్చేలా నిలబెట్టి, బొమ్మ నడిమికి కొంచెం పైన టేపు వేయాలి. నడిమికి కింద వేశారా, బొమ్మ తలకిందులవుతుంది.

మన నిమ్మలకుంట తోలుబొమ్మల్లో వెలుగు మేకతోలు గుండా రంగులతో సహా తెరమీదికి వస్తుంది. అట్టతో ఆ అందం రాదు, నల్లనీడే. ఒక నేపాలీ పిల్ల తన ఏనుగు పొట్టలో కిటికీలా కత్తిరించి, ఎర్ర సెల్లోఫేన్ కాగితం అతికించింది. కిటికీ అంచుకు అర అంగుళం అట్ట వదిలితేనే చిరగకుండా ఉంటుందని పక్కపిల్లవాడికి వేళ్లతో కొలిచి చూపించింది. ఆమె ఒళ్లో మూడేళ్ల తమ్ముడు. ఎనిమిదేళ్ల లోపువాళ్లను చేర్చుకోబోమని నియమం పెట్టినప్పుడు ఇలాంటి అక్కలంతా ఒక్కొక్కరే మానేశారట, తమ్ముణ్ణి ఎవరికి అప్పజెప్పి వస్తారు? ఇప్పుడు హాలు మూల ఒక చాప, దిమ్మెలు, చూసుకోవడానికి ఒక మనిషి. అక్కలు మళ్లీ వస్తున్నారు. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చినది ఆ చాపే.

లైట్లు ఆర్పే పద్ధతి కూడా గమనించాను. ఒక్కసారిగా చీకటి చేయరు. ఏం జరగబోతోందో ముందే చెబుతారు, తెర దీపం వెలిగించి చూపిస్తారు, ఆ తర్వాతే గది లైట్లు ఒక్కో వరుసా తీస్తారు. తలుపు ఓరగా తెరిచే ఉంటుంది, భయమనిపించినవాళ్లు దాని పక్కన కూర్చోవచ్చు. బుడగలు తేరు, పేలతాయని. బాంబుల మోత విన్న పిల్లలకు ఈ జాగ్రత్త అవసరం.

"మీ ప్రయాణం బొమ్మ గీయండి, మీ దేశం కథ చెప్పండి" అనే మాట అక్కడ వినపడలేదు. చూడవచ్చిన అతిథులకు కథలు ముచ్చటగానే ఉంటాయి, రాత్రి నిద్రపట్టక బాధపడేది పిల్లవాడు. వాళ్లకిచ్చే సూత్రం ఇంతే: ఒక జంతువు, దానికి కావలసిన వస్తువు, దారిలో ఒక అడ్డం. తనంతట తాను ఏదైనా చెబితే వింటారు, అవసరమైతే బడి కౌన్సెలర్‌కి కబురు పెడతారు. సంభాషణ ఎవరి భాషలో వాళ్లు చెప్పవచ్చు, ఒక్కో పాత్రకు మూడు వాక్యాలు మించకూడదు. కథ ఏమిటో ముందు ఒకరు ఇంగ్లీషులో చెబుతారు. ఆరు వారాల పాఠంలో ప్రతి వారం కొందరు గైరుహాజరు కాబట్టి, ఒక్కో పాత్ర ఇద్దరికి నేర్పుతారు. లేకపోతే ప్రదర్శన రోజు ఏనుగు ఉంటుంది, ఆడించేవాళ్లుండరు.

చూస్తున్నంతసేపూ పెద్దపల్లి ఇటుక బట్టీలే గుర్తొచ్చాయి. ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి ఏటా కుటుంబాలతో వచ్చే పిల్లలు. కొన్నిచోట్ల ఒడియా పాఠాలు చెప్పే పని ప్రదేశపు బడులు నడిచాయి. కానీ సాయంత్రం, తమ్ముణ్ణి చంకనేసుకున్న అక్కకు ఒక చాప వేసిన చోటు ఎన్ని బట్టీల దగ్గర ఉంది? సీరియల్ డబ్బాలు లేకపోతే బిస్కెట్ల అట్టపెట్టెలు చాలు, దుప్పటి ఎక్కడైనా దొరుకుతుంది.

వాలంటీర్లలో తెలుగు పిల్లలు కూడా వస్తున్నారని విని సంతోషమేసింది. అయితే కాలేజీ దరఖాస్తుకు సేవ గంటలు నిండగానే చాలామంది కనపడరట. ఇప్పటికే ఎందరినో పోగొట్టుకున్న పిల్లలకు అది చిన్న విషయం కాదు. అట్లాంటాలో ఉన్న తల్లిదండ్రులకు నా మనవి, సెమిస్టర్ అంతా వారానికి ఒకే రోజు, ఒకే వేళకు రాగలిగితేనే పంపండి.

2025 జనవరి 20న శరణార్థుల రాకను ఆపేస్తూ ఉత్తర్వు వచ్చింది. 2025 ఆర్థిక సంవత్సరానికి 1,25,000గా ఉన్న పరిమితి 2026కి 7,500 అయింది. కొత్త కుటుంబాలు దాదాపు రావడం లేదు, పునరావాస సంస్థలకు ఆ మేరకు నిధులూ తగ్గాయి. వచ్చి ఏడాదో రెండేళ్లో అయిన పిల్లలు మాత్రం ఇక్కడే ఉన్నారు, వాళ్ల ఇంగ్లీషు ఇంకా సగంలోనే ఉంది.

వెళ్లే ముందు ఏం కావాలని అడిగాను, రంగులో కాగితాలో అంటారనుకుని. క్లాసు నడిపే ఆవిడ తడుముకోకుండా "డ్రైవరు" అంది. సోమవారం నుంచి గురువారం దాకా సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు వ్యాను నడపాలి. జార్జియా లైసెన్సు, వాళ్ల ఇన్సూరెన్సు షరతు ప్రకారం పాతికేళ్లు నిండి ఉండటం, పోలీసు రికార్డు తనిఖీ. తోడుగా ఇంకో పెద్ద మనిషి ఎప్పుడూ ఉంటారు. రాసిచ్చిన పేరున్నవాళ్లు వచ్చి సంతకం పెడితేనే పిల్లల్ని దింపాలి. ఆ సాయంత్రం డ్రైవరు లేక, పట్టాల అవతలి పిల్లల్ని ఆవిడే రెండు విడతలుగా దింపి వచ్చింది. డెకేటర్ చుట్టుపక్కల ఉంటూ సాయంత్రాలు ఖాళీగా ఉండే రిటైరైన తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఒకసారి వెళ్లి అడగండి.