మళ్లీ అదే ఆఫీసులో

రాజీనామా చేసి వెళ్లిన కంపెనీలోనే 3 ఏళ్ల తర్వాత ఈ సోమవారం మళ్లీ చేరాను. రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగుతున్నప్పుడు కాళ్లు దారిని గుర్తుపట్టాయి గానీ, గేటు దగ్గర సెక్యూరిటీ అతను మాత్రం విజిటర్ల రిజిస్టరే ముందుకు జరిపాడు.

పాత సర్వీసు లెక్కలోకి రాదని హెచ్‌ఆర్ వారు మొదటి గంటలోనే స్పష్టం చేశారు. పీఎఫ్‌లో యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని నంబరు, పాతదే కొనసాగుతుంది, ఒక్కో ఉద్యోగానికి ఇచ్చే మెంబర్ ఐడీ మాత్రం కొత్తది. గ్రాట్యుటీకి 5 ఏళ్ల నిరంతర సర్వీసు ఉండాలి కనుక, అప్పట్లో 4 ఏళ్ల 2 నెలలకే వెళ్లిపోయిన నాకు అదీ సున్నా నుంచే మొదలు. జీతం కోసమే వెళ్లానన్నది నిజం. వెళ్లిన చోట రాత్రి 11 దాటినా కాల్స్ ఆగకపోవడంతో, పాప నిద్రపోయాకే రోజూ ఇంటికి చేరుతున్నానని గ్రహించి, పాత మేనేజరుకు నేనే ఫోన్ చేశాను. అడగడానికి చాలా మొహమాటపడ్డాను, దాచడం ఎందుకు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది పిలుపు. నేను ఎక్సెల్‌లో పివోట్ టేబుల్ (లెక్కలను క్లుప్తంగా చూపే పట్టిక) వేయడం నేర్పిన కుర్రాడు ఇప్పుడు నా టీమ్ లీడ్. మొదటి మీటింగులో నేను "మీరు పంపిన ఫైలు" అనగానే అతను తల దించుకుని నవ్వి, తర్వాత లిఫ్టు దగ్గర, "అక్కా, మీరు అలా అంటే నాకు పని చెప్పడానికి నోరు రాదు" అన్నాడు. అందరి ముందు మీరు, క్యాంటీన్‌లో నువ్వు అని ఒప్పందం కుదుర్చుకున్నాం. అతను పంపిన నెలాఖరు లెక్కల ఫైలు తెరిస్తే, నాలుగో షీటులో నేను ఎప్పుడో రాసిన ఫార్ములా ఇంకా అలాగే ఉంది, అందులోని చిన్న తప్పుతో సహా. రేపు సరిచేయాలి.