గట్టు జరిపితే జరిమానా

నాటింగ్‌హామ్‌షైర్‌లో కేర్ వర్కర్‌గా చేరాక నా రూట్‌లో పడ్డ పల్లెలన్నీ ఒకే అచ్చులా కనిపించేవి. ఒక చర్చి, ఒక పబ్, ఎప్పుడొస్తుందో తెలియని బస్సు. లాక్స్‌టన్ మాత్రం అలా కాదు. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల రైతు ఇల్లు పొలం మధ్యలో ఒంటరిగా ఉంటుంది. ఇక్కడ మన దగ్గరలాగే రైతుల ఇళ్ళన్నీ ఊళ్ళో, వీధి పొడవునా ఉన్నాయి.

కారణం భూమి పంపకం. వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని కంచెల్లేని మూడు పెద్ద పొలాలు, మూడింటిలోనూ ఒక్కో రైతుకి అక్కడో చెక్క ఇక్కడో చెక్క. ఒక ఏడు గోధుమ, మరుసటి ఏడు వసంతంలో వేసే పైరు, మూడో ఏడు బీడు. ఒకప్పుడు దేశంలో చాలా ఊళ్ళు ఇలాగే బతికాయట. 18, 19 శతాబ్దాల్లో చట్టాలు తెచ్చి, ఎవరి చెక్కలు వాళ్ళకి ఒకచోట చేర్చి కంచెలు వేసేశారు. ఇక్కడ ఇద్దరు పెద్ద భూస్వాములకు పొత్తు కుదరక పని సాగలేదు. పెద్దల పంతం వల్ల ఊరికి మేలు జరగడం అరుదే!

ఇదంతా నాకు చెప్పింది పొద్దున్నే నేను వెళ్ళే ఇంట్లో పెద్దాయన. ఆయన కాళ్ళకి బిగుతు మేజోళ్ళు ఎక్కించి, మాత్రలిచ్చి, టీ పెట్టి, ఫోన్లో అన్నీ నమోదు చెయ్యాలి. ఉన్నది అరగంట. ఇంటికీ ఇంటికీ మధ్య డ్రైవింగ్‌కి మా కంపెనీ పైసా ఇవ్వదు కాబట్టి కబుర్లకి కూర్చుంటే నష్టం నాదే. అయినా కూర్చునేదాన్ని. గోడ మీద 1635లో మార్క్ పియర్స్ గీసిన ఊరి పటం నకలు ఉండేది. దున్నేవాళ్ళు, కోసేవాళ్ళు కూడా అందులో చీమలంత బొమ్మలుగా ఉంటారు. అసలుది ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది.

నవంబర్ చివర్లో ఒకరోజు, మబ్బు, చలి. కారు ఆపి చూశాను. ట్రాక్టర్ ట్రెయిలర్లోంచి బురద బూట్లతో జనం దిగారు. ఊరి రైతుల జ్యూరీ అది. ఒకాయన హద్దు చూపే కర్ర మేకు నిలబెట్టి పట్టుకుంటే, దూరంగా ఇంకొకాయన ఒక కన్ను మూసి, ‘కొంచెం ఇటు’ అన్నట్టు చెయ్యి ఊపాడు. సరిపోయాక సుత్తి దెబ్బ. కొత్తగా గోధుమ వేసిన పొలంలో ఎవరైనా దారినో, పక్కనున్న గడ్డి పట్టీనో నాగలితో కొరికారేమో చూస్తారు. కొరికితే వారం తర్వాత డవ్‌కోట్ అనే పబ్‌లో జరిగే కోర్ట్ లీట్ అనే పాతకాలపు ఊరి కోర్టులో జరిమానా. ఇలాంటి పాత కోర్టుల అధికారాలు 1977 చట్టంతో పోయినా, లాక్స్‌టన్‌ని మినహాయించారు.

మా గుంటూరు వైపు గట్టు తగాదా అంటే సర్వేయరు, ఎమ్మార్వో ఆఫీసు, ఆపైన కోర్టు, ఈలోగా అన్నదమ్ముల మధ్య మాటలు బంద్. ‘మీకు గొడవలు రావా?’ అని పెద్దాయన్ని అడిగాను.

‘రాకేం! కానీ ఈ ఏడు నీకు జరిమానా వేసినవాడి పొలం వచ్చే ఏడు నువ్వు చూస్తావుగా’ అన్నాడు.

లాక్స్‌టన్ భూమి 1952లో సర్కారు చేతికి, 1981లో రాచరికం పేరిట ఉన్న ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కి వెళ్ళి, 2020లో పాత దొరల థోర్స్‌బీ ఎస్టేట్‌కే తిరిగి చేరింది. రైతులు అప్పుడూ ఇప్పుడూ కౌలుదారులే. కొత్త యజమాని గురించి అడిగితే మాత్రం పెద్దాయన టీ చల్లారిందన్నాడు.