పర్కాల బస్సు, మూడు కిలోల కూరగాయలు

పొద్దుగాల ఏడింటికి హన్మకొండ బస్టాండ్‌ల పర్కాల బస్సు కోసం నిలబడ్డ. అటుకెల్లి వచ్చిన బస్సుల నుంచి మనుషుల కంటే ముందు గంపలు దిగినయ్. పాలకూర కట్టలు, పుంటికూర, ఒక సంచి నిండ బీరకాయలు. నేనేమో ఆ కూరగాయలు వచ్చిన దిక్కుకే పోతున్న, నా బ్యాగులనేమో హైదరాబాద్‌ల కొన్న విత్తనాల ప్యాకెట్లు!

మా అక్క పర్కాల అవతల ఒక ఊర్ల సర్కారు ప్రైమరీ స్కూల్ టీచర్. బడిల తోట పెట్టినం, వచ్చేటప్పుడు ఏమన్న విత్తనాలు పట్కరారా అన్నది. ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్ దాకా నిలబడే పోయిన, బస్సు అక్కడ ఎడమకు మళ్ళినంక సీటు దొరికింది. రోడ్డుకు రెండు దిక్కుల పత్తి చేన్లు, ఏరుడు నడుస్తున్నది.

బడికి పోంగనే ప్యాకెట్లు తీసి చూపెట్టిన. బ్రకోలి, ఎర్ర క్యాబేజీ. వంట చేసే పెద్దమ్మ ఒక ప్యాకెట్ మీద బొమ్మను ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "తమ్మీ, గిది పువ్వా కూరా?" అన్నది. మా అక్క నవ్వాపుకోలేక లోపలికి పోయింది. అసలు సంగతి తర్వాత తెలిసింది, ఆ తోటల కాయ అనేదే మిగలదట, కోతులు. సొరకాయ పిందె పడంగనే తెంపి, ఒక్క కొరుకు కొరికి పడేస్తయ్, తినేదన్న తినవు. ఇప్పుడు అక్కడ ఉన్నయి కరివేపాకు, రెండు మునగ చెట్లు, పిల్లలు చేతులు కడుక్కున్న నీళ్ళు పారే కాలువ పక్కన పుంటికూర, అంతే.

మరి బడిల మధ్యాహ్న భోజనానికి కూరగాయలు ఎక్కడివి అంటే ఊరి రైతు దగ్గరియే. ఇంతకుముందు ఈ ఊర్ల కాసిన బీరకాయ పొద్దున బస్సెక్కి హన్మకొండ పోయేది, పెద్దమ్మనేమో వారానికోసారి అంగడికి పోయి వాడిపోయిన బీరకాయ కొనుక్కొచ్చేది. ఇప్పుడు రోడ్డవతల చేను ఆయన పొద్దున తొమ్మిదింటికి తెచ్చి ఇచ్చి పోతడు. రూల్ ప్రకారం ప్రైమరీ పిల్లకు రోజుకు 50 గ్రాముల కూరగాయలు, 20 గ్రాముల పప్పు. నాలుగు, అయిదు తరగతులోళ్ళకు అక్క దాన్నే లెక్కల పాఠం చేసింది, 62 మందికి ఎంత అని. ఒక పోరడు తరాజుల 50 గ్రాముల రాయి పెట్టి, ఇటు దిక్కు చిన్న టమాట పెడితే సరిపోయింది. వాడు దాన్ని అరచేతిల పెట్టుకొని, "టీచర్, నాకు గింతేనా?" అన్నడు. అక్క దగ్గర జవాబు లేదు, నా దగ్గర అంతకన్న లేదు. మొత్తం మూడు కిలోల వంద గ్రాములు.

అయితే అంతా బాగనే ఉందనుకోకుండ్రి. పప్పు, కూరగాయలు, నూనె, కట్టెలు అన్నిటికి కలిపి 2025 మే నుంచి కేంద్రం రేటు ప్రైమరీ పిల్లకు రోజుకు 6.78 రూపాయలు, అంటే 62 మందికి 420 రూపాయలు. బియ్యం, గుడ్డు లెక్క వేరే, బియ్యమైతే 2015 నుంచి సన్నయే వస్తున్నయ్. ఆ 420 అన్న ఎప్పటికప్పుడు చేతికి వస్తయా అంటే రావు, నెలలు పడ్తది. అంగడిల నగదు పెట్టి కొనాలె, రైతేమో ఉద్దెర ఇస్తడు, పాత నోట్‌బుక్కుల రాసుకుంటడు. అయినా ఆయన ఎన్ని రోజులని ఆగుతడు? పోయిన ఎండాకాలం ముందు పదిహేను రోజులు తేవుడే బంద్ చేసిండట. ఆయన తప్పు కూడ ఏం లేదు, హన్మకొండల పొద్దుగాల అమ్మితే పది గంటలకల్లా జేబుల పైసలుంటయ్. రైతుకు బడికి సంబంధం కలపాలె అని మాట్లాడెటోళ్ళు ముందు ఆ నోట్‌బుక్ ఒకసారి చూడాలె.

మధ్యాహ్నం పిల్లలతోనే కూసున్న. బీరకాయ పప్పు, గుడ్డు. గుడ్డు కూర ఎర్రగ మెరుస్తుంటే కారం ఉంటదని భయపడ్డ, పిల్లలేమో లొట్టలేసుకుంట తింటున్నరు. అది చపాట మిర్చి, టమాట లెక్క గుండ్రంగ ఉంటది, రంగెక్కువ కారం తక్కువ, ఫలానా ప్రాంతం పంట అని గుర్తింపు ఇచ్చే జీఐ ట్యాగ్ కూడ 2025ల వచ్చిన మన వరంగల్ మిర్చి. ఒకటో తరగతోళ్ళు కూడ తినాలె కదా అని పెద్దమ్మ ఊర్ల అడిగి ఆ మిర్చితోనే కారం పట్టిస్తదట.

వచ్చేటప్పుడు బ్రకోలి ప్యాకెట్ ఆ తరాజు పోరడు అడిగి తీసుకున్నడు. పది రోజులకు అక్క వాట్సాప్‌ల ఫొటో పెట్టింది, పగిలిన బకెట్ల నాలుగు మొలకలు. కింద రాసింది, "కోతులు ఇంకా చూడలేదురా".