తొట్లలో నీళ్ళున్నాయా

డిసెంబరు, రెండో శనివారం

అలారం ఐదింటికి పెట్టుకున్నాను గానీ నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా "ఈసారి భీమిలి దాకా సైకిళ్ళ మీద పోదామక్కా" అంటాడు. ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డం పడేది. ఈసారి ఏదీ అడ్డం రాకుండా నేనే చూసుకున్నాను. బ్యాంకుకి సెలవు, పిల్లలు వాళ్ళ మేనత్త ఇంట్లో ఉన్నారు.

వంటింట్లో లైటు వెలుగుతోంది. అమ్మ అప్పటికే దిబ్బరొట్టె కాల్చి, రెండు ముక్కలు చేసి డబ్బాలో పెట్టేసింది.

"తొట్లకొండ ఎక్కుతారేటే?" అంది.

"ఆ, ముందు అదే. తర్వాత భీమిలి."

"మొన్న వానలు పడ్డాయి కదా, తొట్లలో నీళ్ళుంటాయి. చూసి రండి." తొట్లకొండ అంటే భీమిలి దారిలో, సముద్రం పక్కన పాత బౌద్ధ విహారాలున్న కొండ. పైన వాన నీళ్ళు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లున్నాయి. అమ్మ పుట్టిల్లు ఆ కొండ కిందే ఒక ఊరు. చిన్నప్పుడు పుల్లలు ఏరడానికి, తాతగారి మేకల వెనకాల, ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదట. మోకాళ్ళు అరిగాక ఇప్పుడు మేడ మెట్లు కూడా ఎక్కట్లేదు.

ఐదూ ముప్పావుకి విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి బయల్దేరాం. తమ్ముడిది గేర్ల సైకిలు, నాది కూడా గేర్లదే కానీ ఏడే. చలి మరీ ఎక్కువ లేదు, చెవులకి మాత్రం తగులుతోంది. తెన్నేటి పార్కు దగ్గర రోడ్డు ఎత్తెక్కడం మొదలవుతుంది. ఎడమ పక్క కైలాసగిరి, కుడి పక్క సముద్రం. 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి రాళ్ళ మీద చిక్కుకుంది ఇక్కడే. అప్పట్లో ఊరంతా వచ్చి చూసింది, మేమూ వచ్చాం. ఇవాళ మాత్రం అటు తల తిప్పలేదు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆపితే మళ్ళీ కదలడం కష్టం.

సాగర్ నగర్ దాటి రుషికొండ వైపు వెళ్తుంటే సూర్యుడు లేచాడు. తూర్పు తీరంలో పుట్టినందుకు నేను సంతోషపడే క్షణాల్లో ఇదొకటి. ఎన్నేళ్ళు చూసినా ఆ ఎర్రటి బిళ్ళ నీళ్ళలోంచి పైకి వస్తుంటే కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. ఇద్దరం సైకిళ్ళు దిగి, ఏమీ మాట్లాడుకోకుండా నిలబడ్డాం.

మంగమారిపేటకి కొంచెం ముందు నా వెనక చక్రం మెత్తబడింది. దిగి చూస్తే టైరులో సర్కారు తుమ్మ ముల్లు, గోరు పొడవుంది. దగ్గర్లో షాపు ఉందో లేదో తెలియదు, ఎండెక్కితే కొండ కష్టమని కాసేపు టెన్షన్ పడ్డాను. సైకిలు నడిపించుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాం. రోడ్డు పక్కన పాత వలలు పరిచి నెత్తళ్ళు ఎండబెట్టారు, ఆ వాసనకి తమ్ముడు ముక్కు మూసుకుంటే ఒక ముసలమ్మ నవ్వింది. రేకుల షెడ్డులో పంక్చర్ షాపు కనిపించింది.

షాపతను అరవై దాటిన మనిషి. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, సిల్వర్ బేసిన్లో నీళ్ళు పోసి అందులో ముంచాడు. ట్యూబుని జానెడు జానెడు తిప్పుతూ నీళ్ళ మీదికి వంగి చూస్తున్నాడు. ఒకచోట సన్నగా, పూస గుచ్చినట్టు బుడగలు లేచాయి. అక్కడ వేలు పెట్టి, తడి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా నోటితో ఊదుతూ కూర్చున్నాడు. తొందరపడలేదు. ముక్క అంటించాక మళ్ళీ ముంచి చూశాడు, బుడగలు లేవు. అయినా వదలకుండా ట్యూబంతా ఇంకోసారి తిప్పాడు. అలా పని చేసేవాళ్ళని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

"ఎక్కడికమ్మా ఎల్తన్నారు?"

"తొట్లకొండ."

"ఎల్లండి ఎల్లండి. పైన నీల్లు దొరకవు, ఇక్కడే నింపుకోండి" అని కుండ చూపించాడు. రెండు బాటిళ్ళూ నింపుకున్నాం.

కొండ మీదికి తారు రోడ్డు ఉంది. సముద్ర మట్టానికి 128 మీటర్లే. కాగితం మీద చిన్న అంకె. కానీ సముద్రం పక్క నుంచి ఎక్కుతున్నాం కాబట్టి ఆ 128 మీటర్లూ మా కాళ్ళే ఎక్కాలి. మొదటి రెండు మలుపులు తొక్కాను. మూడో మలుపు దగ్గర దిగి తోసుకుంటూ నడిచాను. తమ్ముడు చివరిదాకా తొక్కాడు, పైన నా కోసం కూర్చుని ఎదురు చూశాడు. టికెట్లు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి తొమ్మిది దాటింది.

లోపల మా ఇద్దరితో పాటు ఒక్క కుటుంబం ఉంది, అంతే. గాలి హోరు తప్ప చప్పుడు లేదు. ఎదురుగా మహాస్తూపం గుండ్రంగా, ఇటుక రంగులో. 2019 అక్టోబరు వానలకి అది కూలిపోయిందని తెలిసినప్పుడు ఇంట్లో మనిషికి ఏదో అయినట్టు బాధపడ్డాను. తర్వాత మళ్ళీ కట్టారు. ఇవాళ చుట్టూ తిరిగి, చేత్తో తాకకుండా, దగ్గర్నించి చూశాను.

విహారాల గదులు వరసగా ఉన్నాయి. గోడలు మోకాలెత్తు దాకానే మిగిలాయి. ఒక్కో గది ఒక మనిషి పడుకుని, పక్కన భిక్షాపాత్ర పెట్టుకునేంత. తమ్ముడు ఒక గది గడప దగ్గర నిలబడి లోపలికి చూస్తూ, "మా హాస్టల్ గది కూడా ఇంతే ఉండేదక్కా" అన్నాడు. అటుపక్క స్తంభాల మంటపం, భోజనశాల. బుద్ధుడి తర్వాత రెండు మూడు వందల ఏళ్ళకి మొదలై, క్రీస్తు శకం మూడో శతాబ్దం దాకా ఇక్కడ హీనయానమనే పాత శాఖకి చెందిన బౌద్ధ భిక్షువులు ఉన్నారు. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కింద కనిపించే ఈ నీళ్ళ మీదుగానే ఆ వర్తకం సాగింది కదా! ఓడ క్షేమంగా ఒడ్డు చేరిన వర్తకుడు ఎవరైనా ఈ కొండెక్కి దానం ఇచ్చి ఉంటాడని ఊహించుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

కానీ నేను వచ్చింది తొట్ల కోసం.

నిజంగానే నీళ్ళున్నాయి. రాతిని తొలిచి చేసిన తొట్టి, నలుపలకలుగా. అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే లోపలి గోడ మీద ఉలి గాట్లు కనిపించాయి. ఏటవాలుగా, ఒకదాని కింద ఒకటి, ఒకే చెయ్యి పడినట్టు ఒకే దూరంలో. నీళ్ళ మట్టం దగ్గర నాచు కమ్మేసింది, పైన మాత్రం గాట్లు స్పష్టంగా ఉన్నాయి. పసుపు రంగు తూనీగ ఒకటి నీటిని తోకతో తాకి లేస్తోంది, మళ్ళీ తాకుతోంది. అడుగున ఆకులు, మూలకి చిన్న కప్ప. ఇంకో మూల ఎవరో పడేసిన ప్లాస్టిక్ బాటిల్. తమ్ముడు కర్ర పుల్లతో దాన్ని దగ్గరికి లాగి తీసి, తన బ్యాగు పక్క జేబులో పెట్టుకున్నాడు.

ఈ కొండ మీద బావి తవ్వితే నీళ్ళు పడవు. ఏరు లేదు. ఉన్నది వాన ఒక్కటే. ఆ వానని రాతిలో పట్టి ఏడాదంతా దాచుకోగలిగారు కాబట్టే ఇంతమంది ఇక్కడ అన్నేళ్ళు బతికారు. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ఊళ్ళు తిరగకుండా ఒకేచోట ఉండాలన్నది వాళ్ళ నియమం. ఆ నెలల్లో ఈ తొట్లు నిండుతుంటే రోజూ వచ్చి చూసుకునేవాళ్ళేమో. నేనైతే చూసుకునేదాన్ని.

ఇక్కడి బోర్డు చదివినప్పుడల్లా ఒక మాట నాకు గుచ్చుకుంటుంది. 1976లో నౌకాదళం వాళ్ళు విమానంలో సర్వే చేస్తుంటే ఈ స్థలం బయటపడిందని, 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపిందని చెప్తారు. అదంతా నిజమే. వాళ్ళు చేసిన పనికి చేతులెత్తి మొక్కుతాను. కానీ మా అమ్మ మేకల వెనకాల ఈ కొండెక్కింది 1960ల్లో. అప్పటికే ఇది తొట్లకొండ. స్తూపం మట్టి కింద ఉంది, భిక్షువుల సంగతి ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు, అయినా తొట్లని మాత్రం ఎవరూ మర్చిపోలేదు. మేకలకి నీళ్ళు, కాపరులకి నీళ్ళు, పుల్లలేరే పిల్లలకి నీళ్ళు. అందుకే ఆ పేరు నిలిచింది. పక్కనే ఉన్న బావికొండ కూడా అంతే. 1982 నుంచి 87 దాకా అక్కడ తవ్వితే ధాతు కరండం, అంటే అవశేషాలు దాచిన భరిణె, బయటపడింది, అందులోని చిన్న ఎముక ముక్క బుద్ధుడిదేనని నమ్ముతారు. ఊరి వాళ్ళు మాత్రం పైన కనిపించిన బావుల్ని బట్టి పేరు పెట్టుకున్నారు. ఈ పేర్లు పెట్టినవాళ్ళ పేర్లు ఏ బోర్డు మీదా లేవు. ఇవాళ తొట్టి అంచు మీద కూర్చుని, వాళ్ళు కూడా ఈ కొండ చరిత్రలో ఉన్నవాళ్ళేనని తమ్ముడికి చెప్తుంటే నా గొంతు ఎందుకో బరువెక్కింది. వాడు నవ్వలేదు. "రాసిపెట్టు అక్కా" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

దిబ్బరొట్టె అక్కడే తిన్నాం, గేటు బయట చెట్టు కింద. అల్లప్పచ్చడి కూడా పెట్టింది అమ్మ.

దిగేటప్పుడు బ్రేకులు పట్టుకుని పట్టుకుని అరచేతులు నొప్పెట్టాయి. కిందికి వచ్చాక భీమిలి వైపు ఎదురుగాలి, ఎంత తొక్కినా సైకిలు ముందుకి పోనంటోంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర పావుగంట ఆగాం. సముద్రమూ గాలీ కలిసి వేల ఏళ్ళు మోసుకొచ్చి పోసిన ఇసుక అది, ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి చేరింది. వాన నీళ్ళు కోసిన లోయల్లోకి దిగితే సముద్రం చప్పుడు పూర్తిగా ఆగిపోతుంది, అది నాకు ఇష్టం. కాసేపు నిలబడి వచ్చేశాం.

భీమిలిలో భోజనం చేసి డచ్చి వాళ్ళ సమాధులు చూశాం. పదిహేడో శతాబ్దంలో వర్తకానికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, 1825లో ఇంగ్లీషు వాళ్ళ చేతికి ఊరు అప్పగించి పోయారు. రాతి పలకల మీద వాళ్ళ భాషలో చెక్కిన అక్షరాల్ని తమ్ముడు కూడబలుక్కుంటూ చదివే ప్రయత్నం చేశాడు. నాకు ఆ భాష రాదు, ఏ ఊళ్ళోనో వీళ్ళ కోసం ఎదురుచూసిన అమ్మలు మాత్రం మనసులో మెదిలారు.

రెండింటికి సైకిళ్ళు కింద పెట్టి పావురాలకొండ ఎక్కాం. ఊరి వాళ్ళకి ఇది నరసింహస్వామి కొండ. గుడి దాకా మెట్లున్నాయి. స్వామికి దణ్ణం పెట్టుకుని పైకి నడిచాం. పైన కాలిబాటే, రాళ్ళు కాళ్ళ కింద దొర్లుతుంటాయి, గడ్డి గింజలు సాక్సులకి అంటుకుపోయాయి. మోకాళ్ళు వణికాయి, ఒకచోట తమ్ముడు చెయ్యి అందించాడు. ఇక్కడా అవే, రాతిలో తొలిచిన తొట్లు, మొత్తం 16 ఉన్నాయంటారు. మేం చూసిన వాటిలో కొన్నింట్లో మట్టి నిండి గడ్డి మొలిచింది. ఒకదాంట్లో మాత్రం చేరెడు నీళ్ళున్నాయి, అందులో ఆకాశం కనిపించింది.

అక్కణ్ణించి చూస్తే గోస్తని వంకరలు తిరుగుతూ వచ్చి సముద్రంలో కలిసే చోటు చేతి మీద గీతలా ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, ఇంత దూరం వచ్చిన నీళ్ళు అవి. నది నీళ్ళు ఒక రంగు, సముద్రం ఒక రంగు, మధ్యలో గీత. మా బాటిళ్ళు అప్పటికే ఖాళీ. నాలుక పిడచ కట్టుకుపోతుంటే కింద అంత నీరు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది. ఈ కొండల మీద తొట్టి ఎందుకు తొలిచారో పుస్తకం కన్నా ఆ అరగంట నాకు బాగా చెప్పింది.

తిరుగు ప్రయాణంలో వెనక గాలి. సైకిలు దానంతట అదే పోతున్నట్టుంది. మంగమారిపేట దగ్గర పంక్చర్ షాపు మూసేసి ఉంది. అతనికి నీళ్ళ కోసం ఇంకోసారి థాంక్స్ చెప్దామనుకున్నాను. ఇంటికి చేరేసరికి ఆరున్నర, చీకటి పడిపోయింది. మొత్తం 50 కిలోమీటర్లు దాటింది, తొడలు రెండూ రాళ్ళయ్యాయి.

తలుపు తీస్తూనే అమ్మ అడిగింది. కాళ్ళు నొప్పా అని కాదు, తిన్నారా అని కాదు.

"తొట్లలో నీళ్ళున్నాయేటే?"

"ఉన్నాయమ్మా. కప్ప కూడా ఉంది."

ఫోన్లో ఫొటో తీసి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, స్క్రీను పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చాలాసేపు చూసింది.

"ఇది కాదే. దీనికి అవతల ఇంకోటుంది, పెద్దది. లోపలికి మెట్టులాగా ఉంటాది, మేం దాని మీద కూర్చుని దోసిళ్ళతో తాగేవాళ్ళం. అది చూళ్ళేదేటి?"

చూడలేదు. తమ్ముడు రేపు రాత్రి బండికి వెళ్ళిపోతున్నాడు. అమ్మని కారులో పై దాకా తీసుకెళ్ళొచ్చు, గేటు దగ్గర్నించి నెమ్మదిగా నడిపించాలి. రేపు పొద్దున ఎనిమిదింటికి బయల్దేరదామన్నాను. అమ్మ సరే అనలేదు, వద్దనీ అనలేదు. లోపలికి వెళ్ళి బీరువాలోంచి నూలు చీర తీసి మంచం మీద పెట్టుకుంది.