బాత్రూము గోడ నెమ్ము పట్టిందా? ముందు మిద్దెక్కి ట్యాంకు చూడండి

మే నెలలో అనంతపురంలో బాత్రూము వెనక గోడ నెమ్ముపట్టి సున్నం రాలుతోందంటే వాన మీద నెపం వేయడానికి లేదు. ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్లు పడే ఊరిది. ఆ తడి మన ఇంటి నీళ్లదే. అది పైపులోదా, డ్రైనేజీదా, నేల సందుల్లోంచి దిగిందా అన్నది తేల్చకుండా చాలామంది నల్లమచ్చ ఉన్నచోటే టైల్సు పగలగొట్టిస్తారు. నీళ్లు కారేదొక చోట, బయటపడేది ఇంకొక చోట. ప్లాస్టరు వెనక రెండు మూడడుగులు పాకి మరీ కనిపిస్తాయి.

రాత్రి కొళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆపి, ఫ్లష్ ట్యాంకుకు వెళ్లే కాక్ కూడా బిగించి, మిద్దె మీది ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారి చూడండి. అడ్డకొలత మీటరున్న ట్యాంకులో ఒక్క సెంటీమీటరు దిగినా సుమారు 8 లీటర్లు పోయినట్టే. దిగితే మరుసటి రాత్రి గీజరు స్విచ్ ఆపి, దానికి నీళ్లెక్కే యాంగిల్ కాక్ కట్టేసి మళ్లీ చూడండి. ఈసారి మట్టం నిలబడితే తప్పు గీజరులోనో వేడినీళ్ల లైనులోనో ఉంది. అప్పుడు సగం గోడ జోలికే పోనక్కర్లేదు.

మట్టం దిగకుండానే గోడ తడుస్తుంటే నేల సంగతి చూడాలి. నహానీ ట్రాప్ (బాత్రూము నేలలో నీళ్లు బయటికి పోయే జాలీ కింది గిన్నె) నోట్లో గుడ్డ గట్టిగా కుక్కి, రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టండి. మా ఎండలకు కొన్ని మిల్లీమీటర్లు ఆవిరైపోతాయి కాబట్టి నీళ్లు తగ్గాయా అని కాదు, కింది స్లాబు, పక్క గోడ తడి పెరిగిందా అని చూడాలి. పెరిగితే బండల సందులు పోయాయి. పెరగకపోతే గుడ్డ తీసి, బకెట్లతో నేరుగా ట్రాప్‌లోకే పోయండి. ఇప్పుడు తడి కనిపిస్తే ట్రాప్‌కూ కింది పైపుకూ మధ్య జాయింటు వదిలినట్టు.

సందులు ఎందుకు పోతాయంటే, సగం మన చేతులారా చేసుకున్నదే. బోరు నీళ్ల తెల్లమరకలు పోవాలని వారం వారం యాసిడ్ పోసి కడుగుతారు. యాసిడ్ మరకతో పాటు సందుల్లోని సిమెంటునూ తినేస్తుంది. కడప బండలైనా, టైల్సైనా అంతే. మళ్లీ నింపేటప్పుడు, ముఖ్యంగా ట్రాప్ చుట్టూ, తెల్లసిమెంటు వద్దు. ఎపాక్సీ గ్రౌటు (రెండు రసాయనాలు కలిపి సందుల్లో నింపే ముద్ద) పెట్టించండి. ఖర్చెక్కువే, కానీ నిలుస్తుంది.

పైపుల్లో ఎక్కువగా పోయేది గోడలోపల వేడి, చన్నీళ్లు కలిపే కొళాయి (మిక్సరు) వెనకుండే, ఇత్తడి మరలున్న ప్లాస్టిక్ ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క. టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి, కారుతోందని స్పానరుతో ఇంకా బిగిస్తే ఇత్తడి ముక్క చుట్టూ ప్లాస్టిక్ చీలుతుంది. ఆ చీలిక ఆ రోజు కనబడదు. టేపు మరలు తిరిగే వైపే, ఎనిమిది పది చుట్లు చుట్టాలి. రెండో తప్పు, వేడినీళ్లకు తెల్ల యూపీవీసీ పైపు వేయడం. వేడికి మెత్తబడి జాయింటు వదులుతుంది. అక్కడ వేడిని తట్టుకునే సీపీవీసీ పైపే వేయాలి, అతికించడానికి దాని సాల్వెంటే (జిగురు) వాడాలి. పైపు లోపలికి తోసి పావు మలుపు తిప్పి, అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. ఒకరోజు ఆగి, ప్లంబరు దగ్గరుండే టెస్టింగ్ చేతిపంపుతో పైపులో ప్రెషరు పెట్టి, దాని మీటరు ముల్లు గంటసేపు దిగలేదని మీ కళ్లతో చూశాకే ప్లాస్టరు. మేస్త్రీ తొందరపెడతాడు, ఒప్పుకోకండి.

ఇక మచ్చలు. తెల్లగా, గరుగ్గా పూసేది ఉప్పు. పొడి బ్రష్‌తో దులిపితే చాలు. నల్లగానో పచ్చగానో ఉండి ముక్కిన వాసన కొట్టేది బూజు. దాన్ని పొడిగా గీకితే గదంతా ఎగురుతుంది. మాస్కు, గ్లవ్సు వేసుకుని, కిటికీ తెరిచి, సర్ఫు నీళ్లతో తడిపి తుడవండి. టైల్సు మీద మిగిలిన మరకకు ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం నాలుగు లీటర్ల నీళ్లకు పావు లీటరుకు మించకుండా కలపొచ్చు. బ్లీచ్ వాడిన చోట యాసిడ్‌గానీ, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనరుగానీ పడకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది, చిన్న గదిలో ఊపిరాడదు. ప్లాస్టరు లోపలిదాకా పట్టి గుల్లబారితే తుడుపులు పనికిరావు, ఆ మేర కొట్టేసి కొత్తగా పూయాల్సిందే.

రంగు మాత్రం వెంటనే వేయించకండి. అడుగున్నర చదరం పాలిథిన్ కాగితం గోడకు నాలుగంచులా టేపుతో అంటించి ఒకరోజు ఉంచండి. గోడవైపు నీటిబొట్లు పడితే లోపల ఇంకా తడుంది. ఫ్యాను పెట్టి, తలుపు తీసి ఉంచి, కొన్ని వారాలాగి మళ్లీ అంటించి చూడండి.